ఎండలో తగ్గి, మబ్బులో సరిపోయిన సోలార్ ప్లాంటు: హైదరాబాద్ డాబా మీద నీడ నష్టంపై ఒక కేస్ స్టడీ

సోలార్ ఉత్పత్తి తగ్గిందంటూ వచ్చే ఫిర్యాదుల్లో రెండు వేర్వేరు విషయాలు తరచుగా ఒకటిగా కలిసిపోయి వస్తాయి. ఒకటి వెలుతురు తక్కువ కావడం, రెండోది నీడ పడటం. మబ్బు పట్టినప్పుడు ప్యానెల్ అంతటా వెలుతురు సమానంగా తగ్గుతుంది, కరెంటు కూడా ఇంచుమించు ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. నీడ సంగతి వేరు. అది ఎంత విస్తీర్ణంలో పడిందన్న దానికన్నా ఎక్కడ పడింది, ప్యానెల్‌లోని ఏ సెల్‌కు ఏ సెల్ సిరీస్‌లో (ఒకదాని వెంట ఒకటిగా కలిసి) ఉంది, ప్యానెళ్ళ డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఆ సమయంలో ఏం చేస్తోంది అన్న వాటిని బట్టి నష్టం ఉంటుంది. ఈ తేడా తేల్చుకోకుండానే ప్యానెళ్ళన్నీ మార్చేయడానికి సిద్ధపడిన ఒక ఇంటి వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

ఇల్లు హైదరాబాద్ పడమటి వైపు ఒక కాలనీలో ఉంది. రెండంతస్తులు, పైన చదునైన డాబా. యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. డాబా మీద 540 వాట్ల హాఫ్‌కట్ మోనో ప్యానెళ్ళు పది, అంటే 5.4 కిలోవాట్లు, వాటన్నింటికీ కలిపి ఒకటే 5 కిలోవాట్ల స్ట్రింగ్ ఇన్వర్టర్, గ్రిడ్‌కు పోయే, గ్రిడ్ నుంచి వచ్చే యూనిట్లను లెక్కించే నెట్ మీటర్. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, ఆపైన ఉన్న ఇళ్ళకు ఇచ్చే గరిష్ఠ రాయితీ 78,000 రూపాయలు ఈ ఇంటికీ అందింది. డాబా చూసి కొలతలు తీసుకున్నది మే నెలలో, ప్యానెళ్ళు బిగించింది జూన్‌లో.

మొదటి వానాకాలంలో మాస్టారు ఏమీ అనుకోలేదు. దసరా వెళ్ళాక, ఆకాశం తేటపడ్డాక లెక్క తప్పడం మొదలైంది. రెండు వీధుల అవతల ఆయన బంధువుల ఇంటి మీద చుట్టూ ఏ అడ్డూ లేని 3 కిలోవాట్ల ప్లాంటు ఒకటి ఉంది. ఆయన రెండు ఇళ్ళ రోజువారీ యూనిట్లనూ ఫోన్‌లోని యాప్ నుంచి నోటుబుక్కులోకి ఎక్కించి, కిలోవాట్‌కు ఎన్ని యూనిట్లో భాగించి పెట్టుకున్నారు. సంక్రాంతి ముందు ఆ పుస్తకం నా ముందు పెట్టి అడిగిన ప్రశ్న ఇది: "మబ్బు పట్టిన రోజు రాలేదంటే సరేలే బాబూ అనుకుంటాను. ఇంత ఎండ కాస్తుంటే రాకపోవడం ఏమిటి?"

అంతకుముందు చూసి వెళ్ళినవాళ్ళు ఈ ప్యానెళ్ళకు లో లైట్ (తక్కువ వెలుతురు) పనితీరు బాగాలేదని, చలికాలపు ఏటవాలు ఎండను ఇవి పట్టుకోలేవని, వేరే రకం ప్యానెళ్ళు వేసుకుంటే మంచిదని చెప్పారట.

మాస్టారి పుస్తకం చెప్పింది

జనవరి మొదటి పక్షంలో తేటగా ఎండ కాసిన రోజుల సగటు చూస్తే, బంధువుల ఇంట్లో కిలోవాట్‌కు రోజుకు 4.6 యూనిట్లు, ఈ ఇంట్లో 3.1 యూనిట్లు. మూడో వంతు నష్టం. అదే పుస్తకంలో ఆగస్టు పేజీలు తిరగేసి, సూర్యుడు రోజంతా కనిపించని ముసురు రోజులను మాత్రమే ఏరితే, అక్కడ 2.3, ఇక్కడ 2.2.

నా దృష్టిలో కేసు సగం అక్కడే తేలిపోయింది. ప్యానెళ్ళకు మసక వెలుతురులో పనిచేసే సత్తా లేకపోతే ఆ లోపం ముసురు రోజున బయటపడాలి. ఆ రోజునే రెండు ప్లాంట్లూ సమానంగా ఉన్నాయి. ఎండ తేటగా ఉన్న రోజున మాత్రమే ఒకటి వెనకబడిందంటే, ఆ ఎండకు ఏదో అడ్డు వస్తోందని అర్థం. దట్టమైన మబ్బులో వెలుతురు ఒక దిక్కు నుంచి కాక ఆకాశం మొత్తం నుంచీ చెదిరి వస్తుంది కాబట్టి దేనికీ గట్టి నీడ ఉండదు. పక్కనున్న గోడ ఆకాశంలో కొంత భాగాన్ని కప్పేస్తుంది, అంతే, ఆ 2.3కీ 2.2కీ మధ్య తేడా దానికి సరిపోతుంది. ఉత్పత్తి తగ్గిందని ఎవరు వచ్చినా నేను ముందుగా అడిగేది ముసురు రోజుల లెక్కే. దానికి పరికరం అక్కర్లేదు, పోల్చి చూడటానికి అడ్డులేని ప్లాంటు దగ్గర్లో ఒకటి ఉంటే చాలు.

మసక వెలుతురులో ప్యానెల్ ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ లో లైట్ అన్న మాటను అడ్డం పెట్టుకునే ఈ ఇంట్లో ప్యానెళ్ళు మార్పించబోయారు. ప్యానెల్ వెనక అంటించిన 540 వాట్లు అన్న అంకె చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ, సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటిది. వెలుతురు 200 వాట్లకు పడిపోతే కరెంటు అయిదో వంతవుతుంది. వోల్టేజీ మాత్రం అలా పడదు. వెలుతురు సంవర్గమానాన్ని బట్టి మెల్లగా తగ్గుతుంది. వెలుతురు అయిదో వంతైతే ఒక్కో సెల్‌కు సుమారు 40 మిల్లీవోల్టులు పోతాయి. ఈ ప్యానెల్‌లో సిరీస్‌లో లెక్కకు వచ్చేవి 72 సెల్‌లు, కాబట్టి మొత్తం మీద దాదాపు 3 వోల్టులు. ప్యానెల్‌ను దేనికీ కలపకుండా తెరిచి ఉంచినప్పటి 49.5 వోల్టుల్లో అది ఆరు శాతం. మరోవైపు కరెంటు తగ్గడం వల్ల సెల్ మీది వెండి గీతల్లోనూ రిబ్బన్లలోనూ వేడిగా పోయే నష్టం బాగా తగ్గుతుంది. రెండూ కలిసి, మంచి సిలికాన్ ప్యానెల్ 200 వాట్ల వెలుతురులో తన అసలు సామర్థ్యంలో 95 నుంచి 97 శాతం దాకా నిలబెట్టుకుంటుంది. వానాకాలంలో సెల్ చల్లగా ఉండటం దీనికి తోడు; వేడి ఒక డిగ్రీ పెరిగితే మోనో ప్యానెల్ పవర్ సుమారు 0.35 శాతం పోతుంది కాబట్టి, రోహిణి కార్తెలో 65 డిగ్రీలకు కాగిన సెల్ కన్నా శ్రావణంలో తడిసిన సెల్ తనకు అందిన వెలుతురును మెరుగ్గానే వాడుకుంటుంది.

మరి ముసురు రోజున యూనిట్లు ఎందుకు సగానికి పడతాయంటే, వెలుతురే సగం లేదు కాబట్టి. మన కన్ను ఈ విషయంలో నమ్మదగ్గ సాక్షి కాదు. మండుటెండ సుమారు లక్ష లక్సులు, దట్టమైన మబ్బు పది ఇరవై వేలు, ట్యూబులైటు వెలిగే గది మూడు నాలుగు వందలు. ఈ మూడు చోట్లా మనం పుస్తకం హాయిగా చదువుకోగలం. ప్యానెల్‌కు మాత్రం అవి మూడు వేర్వేరు లోకాలు. ఒక రకం ప్యానెల్ మబ్బులో "అద్భుతంగా" పనిచేస్తుందని చెప్పి అమ్మేవాళ్ళు రెండు మూడు శాతం తేడాను పెద్దది చేసి చూపిస్తున్నారని నా అభిప్రాయం. సెల్‌లో లోపలి లీకేజీ ఎక్కువగా ఉన్న నాసిరకం ప్యానెల్ తక్కువ వెలుతురులో నిజంగానే కుంటుపడుతుంది. ఎండలో కనిపించని ఆ లీకేజీ, కరెంటు తక్కువైనప్పుడు దానిలో పెద్ద వాటాను తినేస్తుంది. ఇక్కడ అలాంటిది లేదని ఆగస్టు లెక్కే చెప్పింది.

డాబా మీద కొలతలు

డాబాకు ఆగ్నేయ మూలన మెట్ల గది, దాని మీద అంతే వెడల్పుతో కట్టిన సిమెంటు ట్యాంకు. రెండూ కలిసి డాబా నేల నుంచి 3.6 మీటర్లు, తూర్పు పడమరల వెడల్పు 2.7 మీటర్లు. ఆ గదికి ఉత్తరాన 1.2 మీటర్లు వదిలి ముందు వరుస ప్యానెళ్ళు అయిదు, తూర్పు చివర మెట్ల గది తూర్పు గోడకు సరిగ్గా కలిసేలా మొదలై పడమరకు వెళ్తాయి. వాటి వెనక 0.9 మీటరు సందు ఇచ్చి మరో అయిదు. అన్నీ పొడవు వైపు ఉత్తర దక్షిణాలుగా ఉండేలా నిలువుగా పెట్టినవి, వాలు 15 డిగ్రీలు, దక్షిణ ముఖం. కింది అంచు నేల నుంచి 0.6 మీటరు ఎత్తు. పడమటి వైపు డాబా ఖాళీగా ఉంది. బట్టలు ఆరేసుకోవడానికి వదిలారట.

మే నెలలో ఈ డాబాను చూసినవారికి ఇక్కడ నీడ సమస్య ఉందని తోచకపోవడానికి కారణం ఉంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణాన నిటారుగా ఉన్న వస్తువుకు నీడే కనిపించదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఆ రోజుల్లో ఉదయం తొమ్మిదికి చూసినా మెట్ల గది నీడ నేరుగా పడమరకు, ఇంకా చెప్పాలంటే ఒక పిసరు దక్షిణానికి వాలి పడుతుందే తప్ప ఉత్తరాన ఉన్న ప్యానెళ్ళ వైపు రాదు.

ధనుర్మాసంలో లెక్క తలకిందులవుతుంది. డిసెంబర్ 21న మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు దాటడు, అంటే మీటరు ఎత్తున్న గోడ ఉత్తరానికి 0.86 మీటరు నీడ వేస్తుంది. ప్యానెల్ కింది అంచు నుంచి చూస్తే ట్యాంకు పైకప్పు 3 మీటర్ల ఎత్తున ఉంది, నీడ 2.6 మీటర్లు పోతుంది. మధ్యలో ఉన్న ఖాళీ 1.2 మీటర్లే. ప్యానెల్ వాలును కూడా లెక్కలోకి తీసుకుంటే, మధ్యాహ్నానికి తూర్పు చివరి రెండు ప్యానెళ్ళ కింది సగం సరిగ్గా నీడలో ఉంటుంది. ఉదయం పది ప్రాంతంలో సూర్యుడు ఆగ్నేయంగా 40 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నీడ వాయవ్యానికి జరిగి, తూర్పు నుంచి రెండో, మూడో ప్యానెళ్ళనూ నాలుగోదానిలో కొంత భాగాన్నీ కప్పుతుంది, పైగా ఒక్కోదానిలో అరవై శాతం ఎత్తు దాకా ఎక్కుతుంది. ఏడాది పొడవునా లెక్క వేసి చూస్తే అక్టోబర్ మొదటి వారం నుంచి మార్చి మొదటి వారం దాకా ముందు వరుస మీద ఈ నీడ ఏదో ఒక మేరకు ఉంటుంది. ఆకాశం తేటగా ఉండే నెలలు ఎక్కువగా అవే. సెల్ చల్లగా ఉండి ప్యానెల్ బాగా పనిచేసే నెలలూ అవే.

వెనక వరుస మీద అనుమానాన్ని ముందే కొట్టేశాను. ముందు ప్యానెల్ పై అంచు కింది అంచు కన్నా 0.59 మీటరు ఎత్తు. డిసెంబర్ ఉదయం తొమ్మిదికి దాని నీడ ఉత్తరానికి 0.68 మీటరు పోతుంది, సందు 0.9 ఉంది. మెట్ల గది నీడ కూడా ఎనిమిదిన్నర దాటాక వెనక వరుసను తాకదు.

పది గంటల రీడింగు

ఆ రోజు తేటగా ఎండ కాస్తోంది. ఉదయం పది దాటాక ఇన్వర్టర్ తెర మీద కనిపించినవి: డీసీ వోల్టేజీ 435, కరెంటు 2 ఆంపియర్లు, పవర్ 870 వాట్లు. ప్యానెల్ వాలులో పెట్టిన మీటరు చదరపు మీటరుకు 670 వాట్ల ఎండ చూపించింది.

ఈ రీడింగులో నన్ను ఆపింది తక్కువ కరెంటు కాదు, ఎక్కువ వోల్టేజీ. పది ప్యానెళ్ళనూ సిరీస్‌లో ఒకే స్ట్రింగ్‌గా కలిపి, ఇన్వర్టర్‌లో ఉన్న రెండు ఎంపీపీటీల్లో (ఎక్కువ పవర్ వచ్చే వోల్టేజీని వెతికి పట్టుకునే భాగాలు) ఒకదానికే ఇచ్చారు. రెండోది ఖాళీగా ఉంది. ఒక్కో ప్యానెల్ పూర్తి పవర్ ఇచ్చేటప్పుడు సుమారు 41.5 వోల్టులు ఇస్తుంది. చలికాలపు ఉదయం సెల్ 40 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు 39.5 అనుకోవచ్చు. పదింటికీ కలిపి 395 ఉండాలి. మూడు ప్యానెళ్ళు నీడలో ఉన్నప్పుడు అది ఇంకా తగ్గాలి, 435కు పెరగకూడదు.

సిరీస్‌లో ఉన్న సెల్‌లన్నింటి గుండా ఒకే కరెంటు పారాలి. కాలువలో ఒక్క తూము సగం మూసుకుంటే కింది పొలాలన్నింటికీ ఆ సగం నీళ్ళే అందినట్టు, నీడలో ఉన్న సెల్ ఎంత ఇస్తే స్ట్రింగ్ మొత్తం అంతే ఇవ్వగలదు. దీనికి విరుగుడుగానే ప్యానెల్ వెనక పెట్టెలో మూడు బైపాస్ డయోడ్లు పెడతారు. మిగతా స్ట్రింగ్ ఎక్కువ కరెంటు తోసినప్పుడు ఆ డయోడ్ తెరుచుకుని, నీడలో ఉన్న భాగాన్ని తప్పించి కరెంటును పక్క దారిన పంపిస్తుంది. ఆ భాగం వోల్టేజీ పోతుంది, మిగతావి బతుకుతాయి. డయోడ్ లేకపోతే నీడలో ఉన్న సెల్ ఉల్టా వోల్టేజీకి గురై, తోటి సెల్‌లు ఇచ్చే పవర్‌ను తానే వేడిగా తాగుతుంది. హాట్‌స్పాట్ అంటే అదే.

హాఫ్‌కట్ ప్యానెల్‌లో మరో ఏర్పాటు ఉంది. సెల్‌లను రెండు ముక్కలు చేసి, పై సగాన్నీ కింది సగాన్నీ రెండు సమాంతర భాగాలుగా కలుపుతారు. అందుకే నిలువుగా నిలబెట్టిన ప్యానెల్‌లో కింది సగం మాత్రమే నీడలో ఉంటే పై సగం తన వంతు సగం కరెంటును ఇస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం ఈ ఇంట్లో జరిగేది అదే. పది గంటలకు మాత్రం నీడ అరవై శాతం ఎత్తు ఎక్కింది, అంటే పై సగంలోని అడుగు సెల్‌ల వరుసలను కూడా అడ్డంగా కప్పేసింది. పై సగంలో మిగిలిన సెల్‌లు ఎండలో మెరుస్తున్నా అవి ఆ నీడ వరుసలతో సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి పనికి రావు. ఆ ప్యానెళ్ళు ఇవ్వగలిగింది ఆకాశపు చెదురు వెలుతురుకు వచ్చే 2 ఆంపియర్లే.

ఇప్పుడు ఇన్వర్టర్ ముందు రెండు దారులు ఉన్నాయి. మూడు ప్యానెళ్ళనూ బైపాస్ చేసి, మిగిలిన ఏడింటితో సుమారు 275 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు తీసుకుంటే 2.4 కిలోవాట్లు వస్తాయి. లేదా పది ప్యానెళ్ళనూ పట్టుకుని 2 ఆంపియర్ల దగ్గర ఆగిపోవచ్చు. అప్పుడు ఎండలో ఉన్న ప్యానెళ్ళు భారం లేక తమ ఖాళీ వోల్టేజీ దాకా ఎగబాకుతాయి, మొత్తం 435 వోల్టులు కనిపిస్తాయి, పవర్ 870 వాట్ల దగ్గర నిలుస్తుంది. పవర్ గ్రాఫులో ఇవి రెండు శిఖరాలు. మామూలు ఎంపీపీటీ తానున్న చోటి నుంచి అటూ ఇటూ చిన్న అడుగులు వేసి చూసుకుంటుంది. రెండు వైపులా దిగుడే కనిపిస్తే అదే శిఖరమనుకుని అక్కడే ఉండిపోతుంది. పొద్దున ఎక్కువ వోల్టేజీ వైపు నుంచి మొదలైన ఇన్వర్టర్ ఆ చిన్న శిఖరం దగ్గరే చిక్కుకుంది.

ప్యానెళ్ళ మొత్తం విస్తీర్ణంలో అప్పుడు నీడలో ఉన్నది పద్దెనిమిది శాతం చిల్లర. ఇన్వర్టర్ సరిగ్గా ప్రవర్తిస్తే పోయేది ముప్పై శాతం. చిన్న శిఖరం దగ్గర చిక్కుకోవడం వల్ల పోయింది డెబ్బై శాతం పైన. దాని సెట్టింగుల్లో షాడో స్కాన్ అని ఒక ఎంపిక ఉంది. అది ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాక ఇన్వర్టర్ వోల్టేజీ పరిధి మొత్తాన్ని ఒకసారి గాలించింది. తెర మీద వోల్టేజీ 435 నుంచి దిగి 276 దగ్గర నిలబడింది, పవర్ 2,390కి ఎక్కింది. మాస్టారు పక్కనే ఉండి ఆ రెండు అంకెలూ పుస్తకంలో రాసుకున్నారు.

ఇంకా చూసినవి

ముందు వరుసకు పడమటి చివర, ప్యానెల్‌కు మీటరు దూరంలో, బాత్రూమ్ గాలి గొట్టం ఒకటి నిలబడి ఉంది. 50 మిల్లీమీటర్ల పీవీసీ. సన్నటి గొట్టం నీడ ఏం చేస్తుందిలే అని చాలామంది వదిలేస్తారు. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు కాబట్టి ఏ వస్తువు నిండు నీడైనా దాని మందానికి సుమారు 108 రెట్ల దూరం దాకా పోతుంది, ఆ తర్వాత పలచబడి చెదిరిపోతుంది. ఆరు మిల్లీమీటర్ల కేబుల్ టీవీ తీగ నీడ 65 సెంటీమీటర్ల తర్వాత లెక్కలోకి రాదు. ఈ గొట్టం నీడ అయిదు మీటర్ల దాకా నిండుగా ఉంటుంది. సెల్ వెడల్పు 182 మిల్లీమీటర్లు. అందులో 50 మిల్లీమీటర్లు కప్పితే ఆ సెల్ నేరుగా పడే ఎండలో పావు వంతు పైన పోగొట్టుకుంటుంది, దానితో సిరీస్‌లో ఉన్నవన్నీ ఆ మేరకు తగ్గుతాయి. ప్లంబర్‌ను పిలిపించి ఆ గొట్టాన్ని ప్యానెల్ కింది అంచుకు దిగువ దాకా కోయించి, వంపు తిప్పించాం.

థర్మల్ కెమెరాతో చూస్తే రెండు చోట్ల సెల్‌లు పక్కవాటికన్నా బాగా వేడిగా కనిపించాయి. రెండు చోట్లా పావురాల రెట్ట గట్టిపడి ఉంది. కడిగాక ఆ వేడి మచ్చలు పోయాయి, కాబట్టి సెల్ దెబ్బతినలేదు. ఒక మాట ఇక్కడ చెప్పడం అవసరం: ఈ ఇంట్లో ప్యానెళ్ళను బోరు నీళ్ళతోనే కడుగుతున్నారు. హైదరాబాద్ బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. ఎండలో అవి ఆరిపోతే కింది ఫ్రేము అంచు వెంట తెల్లటి పొర కడుతుంది. నిలువుగా పెట్టిన ప్యానెల్‌కు ఆ అంచు వెంటే అడుగు వరుస సెల్‌లు ఉంటాయి. మంజీరా కుళాయి నీళ్ళతో తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడిగి, రబ్బరు వైపర్‌తో తుడిచేయమని చెప్పాను.

ఏం చేశాం, ఏం వద్దనుకున్నాం

స్కాన్ ఆన్ చేయడం వల్ల నష్టం తగ్గింది గానీ మూడు ప్యానెళ్ళు మధ్యాహ్నం దాకా బైపాస్‌లోనే గడుపుతున్నాయి. పైగా డయోడ్లు రోజూ గంటల తరబడి కరెంటు మోయడం మంచిది కాదు. అవి ఆపద్ధర్మానికి ఉన్నవి, రోజువారీ పనికి కాదు.

మాస్టారి కుమారుడు ఒక్కో ప్యానెల్‌కూ ఆప్టిమైజర్ పెడదామన్నాడు. స్థలం లేని అపార్ట్‌మెంటు డాబా అయితే నేనూ అదే చెప్పేవాడిని. ఆప్టిమైజరైనా, మైక్రో ఇన్వర్టరైనా చేసేది ఒక్కటే, నీడలో ఉన్న ప్యానెల్ నష్టం పక్క ప్యానెళ్ళకు అంటకుండా ఆపుతుంది. నీడలో ఉన్న ప్యానెల్‌కు లేని వెలుతురును అది తెచ్చివ్వదు. ఆ మూడు ప్యానెళ్ళు ఏడాదిలో అయిదు నెలలు మధ్యాహ్నం దాకా నీడలోనే ఉంటాయి. వాటిని ఎండలోకి జరిపే చోటు ఉండగా, ఎండలో కాగుతూ ప్యానెల్ కింద పాతికేళ్ళు పనిచేయాల్సిన మరో ఎలక్ట్రానిక్ వస్తువును చేర్చడం నాకు ఇష్టం లేదు.

స్ట్రక్చర్ మొత్తాన్ని ఎనిమిది అడుగులకు లేపడం ఇంకో దారి. ఇప్పుడు నగరంలో చాలామంది కింద వాడుకోవడానికి అలా వేయించుకుంటున్నారు, నీడకు కూడా అది గట్టి విరుగుడే. కింది అంచు 2.4 మీటర్లకు పోతే ట్యాంకు దానికన్నా 1.2 మీటర్లే ఎత్తు, ఉదయం పది దాటాక నీడ ప్యానెల్ దాకా రాదు. అయితే గాలి తాకిడికి తట్టుకునే పునాది పాత స్లాబు మీద మళ్ళీ కట్టాలి, ఉన్న స్ట్రక్చర్ వృథా అవుతుంది. కొత్తగా వేసుకునే ఇల్లయితే మొదటే ఆలోచించదగ్గది.

కేవలం తీగలు మార్చి వరుసకొక స్ట్రింగ్ చేద్దామా అనీ చూశాను. అయిదేసి ప్యానెళ్ళ స్ట్రింగ్‌లో మూడు బైపాస్ అయితే మిగిలిన రెండింటికీ కలిపి 79 వోల్టులే. ఈ ఇన్వర్టర్ ఎంపీపీటీ 90 వోల్టుల కింద పనిచేయదు, మొదలవడానికి 120 కావాలి. కాగితం మీద చక్కగా కనిపించే ఈ మార్పు పొద్దున పూట ముందు వరుసను పెద్ద శిఖరానికి దూరంగానే ఉంచేది.

అందుకని తూర్పు చివరి మూడు ప్యానెళ్ళనూ విప్పి పడమటికి తెచ్చాం. రెండు ముందు వరుసకు పడమటి చివర, ఒకటి వెనక వరుసకు పడమటి చివర; జీఐ పట్టాలు పొడిగించి, కొత్త కాళ్ళు వేసి, ఎర్తింగ్ పట్టీ కలిపి బిగించాం. ఇప్పుడు ముందు నాలుగు, వెనక ఆరు. ఆరింటినీ ఒక ఎంపీపీటీకి, నాలుగింటిని ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న రెండోదానికి ఇచ్చాం. నాలుగింటిలో ఒకటి నీడలో పడి బైపాస్ అయినా మిగిలిన మూడూ 118 వోల్టులు ఇస్తాయి, పని ఆగదు. తీగలు విప్పే ముందు ఇన్వర్టర్‌నూ డీసీ ఐసోలేటర్‌నూ (ప్యానెళ్ళ కరెంటును తెంచే స్విచ్చు) ఆపి, క్లాంప్ మీటర్‌తో కరెంటు సున్నా అని చూసుకున్నాకే ప్యానెల్ తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్ మీద చెయ్యి వేయాలి. పారుతున్న డీసీని లాగితే పుట్టే మంట ఏసీలాగా తనంతట తాను ఆరదు. బట్టల దండెం తూర్పు వైపు, ప్యానెళ్ళు ఖాళీ చేసిన చోటికి మారింది. అక్కడ మధ్యాహ్నం నుంచి ఎండ ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

తర్వాతి ధనుర్మాసం లెక్క

పని పూర్తయింది ఫిబ్రవరిలో. అసలు పరీక్ష మళ్ళీ డిసెంబర్, జనవరుల్లోనే కాబట్టి అప్పటిదాకా ఆగి ఈ కేసు రాస్తున్నాను. తేట ఎండ రోజుల సగటు చూస్తే బంధువుల ఇంట్లో కిలోవాట్‌కు 4.6, ఈ ఇంట్లో 4.4. మధ్యలో, షాడో స్కాన్ మాత్రమే ఆన్ చేసి ప్యానెళ్ళు జరపని రోజుల్లో వచ్చింది 3.8. పోయిన 1.5 యూనిట్లలో 0.7 ఒక్క సెట్టింగుతో తిరిగి వచ్చింది, 0.6 ప్యానెళ్ళు జరపడం వల్ల వచ్చింది. ప్లాంటు మొత్తానికి చూస్తే రోజుకు ఏడు యూనిట్లు. ముసురు రోజుల లెక్క ముందులాగే సమానంగా ఉంది.

మిగిలిన 0.2కు కారణం తెలిసిందే. ముందు వరుసలో ఇప్పుడు తూర్పు చివరన ఉన్న ప్యానెల్ మీద డిసెంబర్‌లో పదిన్నర దాకా ట్యాంకు నీడ ఉంటుంది, తొమ్మిదింటికి దాని పక్కది కూడా కొంత మునుగుతుంది. దాన్ని కూడా తప్పించాలంటే పిట్టగోడ దాటి స్ట్రక్చర్ బయటికి రావాలి, అది వద్దనుకున్నాం. ఇంటికి దక్షిణాన ఉన్న ఖాళీ స్థలంలో ఎవరైనా మూడంతస్తులు లేపితే ఈ లెక్కలన్నీ మళ్ళీ వేయాలి. ఆ హద్దు గోడ నుంచి ముందు వరుసకు ఉన్న దూరాన్నీ, డాబా మట్టం నుంచి ఎంత ఎత్తు దాకా కట్టినా నీడ రాదో ఆ కొలతనూ లేఅవుట్ డ్రాయింగ్ మీద రాసి మాస్టారికి ఇచ్చాను.